కునుకు సారు మడతకుర్చీ

మా వీధి పిల్లల బడి హెడ్మాస్టరుగారికి ఒకటే జబ్బు. పక్కన కూర్చుని చిన్నపిల్లలెవరైనా కథల పుస్తకం చదివితే తప్ప ఆయనకు నిద్ర పట్టదు. మందులు వాడారట, పనిచెయ్యలేదు. వేడి పాలు తాగారట, పనిచెయ్యలేదు. పరుపు మార్చారట, నడుం నొప్పి వచ్చింది గానీ నిద్ర రాలేదు. అదే ఏ మూడో తరగతి పిల్లో ఎదురుగా కూర్చుని ‘అనగనగా’ అందంటే చాలు, ఆయన తల ఓ పక్కకు ఒరిగిపోయేది. పేజీ తిప్పేలోపు గురక మొదలయ్యేది. అందుకే మా వీధుల్లో అందరూ ఆయన్ని కునుకు సారు అనేవాళ్లు. ఆయన ముందు కాదులెండి.

ఈ జబ్బు సంగతి ఆయనేం దాచుకోలేదు. బడికొచ్చిన కొత్తలోనే పొద్దున్నే పిల్లల్ని వరసల్లో నిలబెట్టి చేతులు కట్టుకుని అడిగారు.

“పిల్లలూ, నాకొక సాయం చేసిపెట్టాలి. నాకు నిద్ర పట్టట్లేదు. చిన్నపిల్లల గొంతుతో కథ వింటేనే పడుతుందని డాక్టరుగారు తేల్చేశారు. సాయంత్రాలు మీ ఇళ్లకొస్తాను. కాసేపు చదివిపెడతారా?”

అప్పటిదాకా ఆ పిల్లల్ని చదవమని బతిమాలినవాళ్లున్నారు, అరిచినవాళ్లున్నారు, చెవులు మెలిపెట్టినవాళ్లున్నారు. సాయం చెయ్యమని అడిగిన పెద్దమనిషి మాత్రం ఒక్కడూ లేడు. ముక్కు తుడుచుకోవడం రాని వెధవలు కూడా “మా ఇంటికి రండి సార్, నేను నిద్రపుచ్చుతా” అని చేతులెత్తారట. ఆ రోజు నుంచి సాయంత్రమైతే చాలు, సైకిలు వెనక మడతకుర్చీ కట్టుకుని, హ్యాండిలుకు పుస్తకాల సంచి తగిలించుకుని సారు వీధుల్లో పడేవారు.

ఆయన నిద్రకు కొన్ని నియమాలుండేవి. పెద్దవాళ్లు చదివితే గుండెదడ వస్తుంది, పనికిరాదు. టీవీ మోగితే ఉలిక్కిపడి లేస్తారు. ఫోను మోగినా అంతే. చదివేవాళ్లు మధ్యలో ఆపేస్తే “ఎవరమ్మా ఆపింది?” అని కళ్లు మూసుకునే కసురుతారు. దాంతో ఆయన కుర్చీ వేసిన ఇంట్లో ఉప్పు డబ్బా మూత తియ్యాలన్నా భయమే. ఇంటికొచ్చిన మనిషి, అందులోనూ హెడ్మాస్టరు, నోరు తెరుచుకుని నిద్రపోతుంటే ఎవరు లేపుతారు? ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టుకుని ఓ గదిలో కూర్చునేవాళ్లు. కూర్చుని ఏం చేస్తారు, చచ్చినట్టు కథ వినేవాళ్లు.

కొన్నాళ్లకు అదో గొప్పయిపోయింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు “మీ ఇంట్లో కునుకేనటగా, మా ఇంట్లో గాఢనిద్ర” అని ఎత్తిపొడుచుకునేవాళ్లు. “మా వాడు చదివితే సారుకి కలలు కూడా వచ్చాయట” అని ఇస్త్రీ బండావిడ అంటే, మిగతావాళ్లు బిందెలెత్తుకుని ఇళ్లకు నడిచేవాళ్లు.

ఇంతకీ నా సంగతి చెప్పలేదు కదూ. నేను బట్టలు కుడతాను. మా ఇంటి ముందుగదే నా దుకాణం. మా ఆయన బస్సు డ్రైవరు, ఆయన ఇంట్లో ఉండేది తక్కువ. లోపలి గదిలో మా అత్తగారూ, ఆవిడ టీవీ ఉంటారు. అత్తగారికి కాస్త చెవుడు కాబట్టి టీవీ వీధి చివరిదాకా వినపడుతుంది. మాకున్నది ఒక్కతే పిల్ల, మూడో తరగతి. సన్నగా ఉంటుందని అందరూ పిచ్చుక అంటారు.

పిచ్చుకకు నత్తి. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఉంది. ఇంట్లో మాతో ఎలాగో నెట్టుకొచ్చేది గానీ, పుస్తకం పట్టుకుని గట్టిగా చదవమంటే అంతే సంగతులు. ఓసారి క్లాసులో చదువుతుంటే ఒక మాట దగ్గర చిక్కుకుపోయిందట. వెనకబెంచీ వాడు కిసుక్కున నవ్వాడట. ఆ రోజు నుంచి అది ఎవరి ముందూ గట్టిగా చదవలేదు. నేను ప్రేమగా “చదువు తల్లీ, అమ్మే కదా” అని ఎదురుగా కూర్చునేదాన్ని. అది నా కళ్లలోకి చూసేది. నేను ఎంత నవ్వుమొహం పెట్టుకున్నా సరే, దాని గొంతు పూడుకుపోయేది. పిల్ల పెదాలు కదులుతుంటే, మాట రాకపోతుంటే, చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో అలాంటి తల్లులకే తెలుస్తుంది. చివరికి నేను అడగడమే మానేశాను.

అందుకే ఓ సాయంత్రం మా గుమ్మం ముందు సైకిలు స్టాండు వేసిన చప్పుడు కాగానే మిషను మీద నా కుట్టు వంకరపోయింది.

“సారూ, మా పిల్ల... మీకు తెలుసు కదా...” అంటూ నసిగాను.

“నాకు నిద్ర రావడం ముఖ్యమమ్మా. ఎలా చదివిందన్నది నాకెందుకు?” అని ఆయన గదిలో ఉన్న గుడ్డపీలికలు పక్కకు జరిపి కుర్చీ వేసేసుకున్నారు. సంచిలోంచి ఒక పుస్తకం తీసి పిచ్చుక ఒళ్లో పెట్టారు. అట్ట మీద వరదలో కొట్టుకుపోయే పడవ, అందులో ఒక మేక, వెనకాల ఒక మొసలి. “నేను వినను అమ్మాయీ. పడుకుంటా. నువ్వేం చదివినా నాకొకటే” అని, పిల్ల అట్ట తిప్పకముందే కళ్లు మూసేసుకున్నారు.

నేను మిషను ఆపాను. లోపల టీవీలో ఎవరో అత్త ఎవరో కోడల్ని తిడుతోంది. పరిగెత్తి కట్టేశాను.

“ఏమైందే? కరెంటు పోయిందా?” అని అరిచింది మా అత్తగారు.

“సారు పడుకున్నారత్తయ్యా!”

“మన ఇంట్లోనా? ఎందుకు? వాళ్లకు ఇల్లు లేదా?”

పిచ్చుక పుస్తకం తెరిచింది. ఆయన్ని చూసింది. నన్ను చూసింది. నేను గబుక్కున గోడవైపు తిరిగి ఓ చొక్కాకు గుండీలు కుట్టడం మొదలుపెట్టాను. ఎంతసేపటికీ చప్పుడు లేదు. నా సూది ఆడుతోంది గానీ ఎక్కడ కుడుతున్నానో నాకే తెలియడం లేదు. ఇంక ఇదింతే, ఆయన లేచి వెళ్లిపోతారు, రేపు బడిలో ఇంకో నవ్వు అనుకున్నాను.

“నిద్ర రావట్లేదే...” అని ఆయన కళ్లు తెరవకుండానే ఏడవబోతున్నట్టు మూలిగారు. “పొద్దున్నుంచీ తలనొప్పి...”

“ప... ప... పడవ,” అంది నా వెనకాల ఒక సన్నటి గొంతు.

నేను తిరగలేదు.

“పడవ క-కదిలింది. మే... మేక ఒక్కతే ఉంది.”

గుర్ర్ అని గురక. ఇంకో వాక్యం. ఇంకా పెద్ద గురక. మొసలి దగ్గరకొచ్చేసరికి “మొ... మొ... మొ...” అని ఆగింది. నా ప్రాణం కూడా అక్కడే ఆగింది. ఆయన గురక మాత్రం ఆగకుండా నింపాదిగా సాగుతోంది. ఎవరికీ తొందర లేదు. ఎవరూ చూడటం లేదు. “మొసలి” అని బయటపడింది పిల్ల. గురక టక్కున ఆగి, కాసేపటికి మళ్లీ అందుకుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చొక్కా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆ రోజు నేను ఏ గుండీ ఎక్కడ కుట్టానో, ఆ చొక్కా తొడుక్కున్నాయన వచ్చి చూపించేదాకా తెలియలేదు. గుండీలన్నీ జేబుకే ఉన్నాయి.

అప్పట్నుంచి సారు మా ఇంటికి రావడం, పిచ్చుక చదవడం, మా అత్తగారు టీవీ లేక బయటికొచ్చి పిల్ల పక్కన కూర్చోవడం మామూలైపోయింది. వినపడదు కాబట్టి ఆవిడ బొమ్మలు చూసేది. నత్తి పోలేదు. పోతుందని నేనూ అనుకోలేదు. కానీ పిల్ల చదువుతోంది. అది చాలు నాకు.

అసలు గుట్టు ఓ సాయంత్రం నాకు దొరికిపోయింది. ఆ మేకదే ఇంకో కథ చదువుతూ పిచ్చుక పొరపాటున రెండు పేజీలు కలిపి తిప్పేసింది. గట్టు మీద గడ్డి మేస్తున్న మేక చటుక్కున నది మధ్యలో తేలింది. పిల్ల గమనించలేదు, చదువుకుంటూ పోతోంది. అంతలో గురక కాస్తా గొంతులోనే చిక్కుకుంది. నేను తలెత్తి చూశాను. సారు ఎడమకన్ను సన్నగా తెరుచుకుంది. పుస్తకం వైపు చూసింది. మళ్లీ మూసుకుంది. తర్వాత ఆయన నిద్రలో కలవరించినట్టు గొణిగారు. “మేక... పడవెప్పుడు ఎక్కిందబ్బా...”

పిచ్చుక ఆగి, చూసుకుని, పేజీ వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టింది. గురక మళ్లీ అందుకుంది. నా వేలికి సూది గుచ్చుకుంది.

ఆయన వెళ్లేటప్పుడు గేటు దాకా వెంటపడ్డాను.

“సారూ, మీరు నిద్రపోలేదు.”

“ఎవరన్నారమ్మా?”

“నిద్రపోయేవాళ్లకు మేక పడవెక్కిన లెక్క ఎందుకు సారూ?”

ఆయన దొంగలాగా అటూ ఇటూ చూసి, పెదాల మీద వేలు పెట్టుకున్నారు. “అమ్మా, మీకు దణ్ణం పెడతాను, మెల్లగా. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ కళ్లు ఇంతింత చేసుకుని వినేవాణ్ని, ఎక్కడ తప్పు చదువుతారా అని. నా కళ్లు చూసి పిల్లలకు వచ్చింది కూడా మర్చిపోయేవాళ్లు. ఓ మధ్యాహ్నం నిజంగానే కునుకు పట్టింది. లేచి చూస్తే, ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడొకడు పాఠం మొత్తం చదివేసి పక్క పాఠంలో ఉన్నాడు. ఆ రోజు నుంచి పడుకోవడమే నా ఉద్యోగం.”

“మరి ఆ నిద్ర పట్టని జబ్బు?”

“జబ్బా! ఇంట్లో మొద్దునిద్ర పోతానమ్మా. నా గురక భరించలేక మా ఆవిడ పక్కగదిలో పడుకుంటుంది.”

నవ్వాలో కాళ్లకు దణ్ణం పెట్టాలో తెలియలేదు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. మా ఆయనకు కూడా చెప్పలేదంటే ఎంత కష్టపడ్డానో చూసుకోండి.

ఇలా సాగుతుండగా మందుల షాపాయన ఇంటి వంతు వచ్చింది. మందుల షాపాయన తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షుడు. మాటకు ముందు “అధ్యక్షుడిగా చెబుతున్నాను” అంటాడు. ఆయనకు మొదట్నుంచీ ఈ వ్యవహారం గిట్టదు. నిద్రమాత్రలు అమ్ముకునే మనిషికి ఈ వైద్యం ఎందుకు నచ్చుతుంది? ఆ సాయంత్రం టీవీలో ఏదో పెద్ద ఆట. గెలుపో ఓటమో తేలిపోయే చివరి నిమిషాలు. సరిగ్గా అప్పుడే సారు కుర్చీ వేశారు, వాళ్లబ్బాయి పుస్తకం అందుకున్నాడు, వాళ్లావిడ టీవీ కట్టేసింది.

“ఏయ్! ఒక్క నిమిషమే!” అని ఆయన లేచాడట.

“ష్! సారు పడుకున్నారు,” అందట ఆవిడ.

“అధ్యక్షుడిగా చెబుతున్నాను...”

“అధ్యక్షుడైతే వీధిలోకెళ్లి చెప్పండి. పిల్లాడు చదువుతున్నాడు.”

చెప్పుల్లేకుండా పక్కింటికి పరిగెత్తేసరికి ఆట అయిపోయి, జనం లేచి ఒళ్లు విరుచుకుంటున్నారు. ఆ మంటలో రాత్రికి రాత్రే పై ఆఫీసుకు ఫిర్యాదు రాసేశాడు. హెడ్మాస్టరు విద్యార్థుల ఇళ్లలో నిద్రపోతున్నాడు, చదువు చెప్పడం లేదు, మర్యాదస్థుల ఇళ్లలో గురకలు పెడుతున్నాడు, తక్షణం ఇక్కడినుంచి పంపించెయ్యాలి.

పై ఆఫీసు నుంచి విచారణకు ఆఫీసరమ్మ వస్తోందని తెలిసేసరికి వీధంతా గుప్పుమంది. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరట. ఆవిడ వెళ్లిన ప్రతి బడిలోనూ ఎవరో ఒకరికి బదిలీ తప్పలేదట. ముందురోజు సాయంత్రం పని వదిలేసి బడికి పరిగెత్తాను. సారు కిటికీ దగ్గర నిలబడి చిరిగిన పుస్తకాలకు అట్టలు అంటిస్తున్నారు.

“నేను చెప్పేస్తా సారూ. మీరు ఒక్క రోజూ నిద్రపోలేదని ఆవిడ ముందే చెప్పేస్తా.”

“వద్దమ్మా.”

“ఏం వద్దు? ఉద్యోగానికి ముప్పొస్తుంటే?”

“విచారణకు పిల్లలు కూడా వస్తారమ్మా. మీరు చెబితే నేను బయటపడతాను. సరే. ఆ మర్నాడు మీ అమ్మాయి ముందు కళ్లు మూసుకుని కూర్చుంటే ఆ పిల్ల ఏమనుకుంటుంది? సారు వింటున్నారు, నా తప్పులన్నీ పట్టుకుంటున్నారు, ఇన్నాళ్లూ పట్టుకున్నారు అనుకోదూ? ఇంక నోరు తెరుస్తుందా? మీ పిల్ల ఒక్కతే కాదు, అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు.”

“మిమ్మల్ని ఇక్కణ్నుంచి పంపించేస్తే?”

“అక్కడా పిల్లలుంటారుగా. ఉన్నది మడతకుర్చీయే కదమ్మా,” అని ఆయన జిగురు బ్రష్షు అందుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత మొండి మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆయన మాట వింటే ఆయన పోతారు, వినకపోతే నా పిల్ల చదువు పోతుంది. ఇంటికొచ్చి మా ఆయన ప్యాంటు కాళ్లు రెండూ కలిపి కుట్టేశాను.

మర్నాడు రెండు తరగతుల మధ్య తడిక తీసేసి పెద్దగది చేశారు. పెద్దవాళ్లమంతా పిల్లల బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. ముందు చాపల మీద పిల్లలు. బల్ల వెనక ఆఫీసరమ్మ, కళ్లజోడు, తెరిచిన పెన్ను. పక్కన సారు తన మడతకుర్చీలో తలొంచుకుని కూర్చున్నారు. సాక్ష్యంగా కుర్చీ కూడా తీసుకురమ్మన్నారట. మా అత్తగారు కూడా వస్తానని పట్టుబట్టి వచ్చి నా పక్కనే కూర్చుంది.

“మీరు విద్యార్థుల ఇళ్లకు వెళ్తున్నారా?” అంది ఆఫీసరమ్మ.

“వెళ్తున్నానండీ.”

“వెళ్లి నిద్రపోతున్నారా?”

నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. సారు ఒక్కసారి చాపల మీద పిల్లల వైపు చూశారు.

“నిద్రపోతున్నానండీ,” అన్నారు.

“చూశారా! చూశారా!” అని లేచాడు మందుల షాపాయన. “అధ్యక్షుడిగా చెబుతున్నాను. ఈయన నిద్రపోతుంటే పిల్లలు ఏం చదువుతున్నారో ఎవరికి తెలుసు? తప్పు చదివితే దిద్దేదెవరు?”

“అంటే పిల్లలు చదవడం లేదంటారా?” అంది ఆవిడ.

“ఎక్కడి చదువండీ! కావాలంటే ఒక్కర్ని లేపి చదివించండి. అదుగో, ఆ దర్జీ వాళ్ల పిల్ల. సారు ఎక్కువ నిద్రపోయింది వాళ్లింట్లోనే. చదవమనండి చూద్దాం. మాట్లాడటమే కష్టం.”

సారు కుర్చీలోంచి సగం లేచారు. “ఆ అమ్మాయి వద్దండీ, ఇంకెవరైనా...” అని ఆయన అంటుండగానే ఆఫీసరమ్మ “రామ్మా” అంది.

పిచ్చుక లేచింది. పడవ పుస్తకం పట్టుకుని బల్ల ముందు నిలబడింది. గదినిండా కళ్లు. పెద్ద కళ్లు, చిన్న కళ్లు, కళ్లజోడు కళ్లు, అన్నీ దాని మీదే. పుస్తకం తెరిచింది. పెదాలు కదిలాయి. “ప...” అని ఆగిపోయింది. దాని చెవులు ఎర్రబడ్డాయి. ఆ వెనకబెంచీ వాడు చాప మీద పక్కవాణ్ని మోచేత్తో పొడవడం నేను చూశాను. ఇంక నావల్ల కాలేదు. మాట తప్పితే తప్పాను, సారు సంగతి చెప్పేసి నా పిల్లని చంకనేసుకుని వెళ్లిపోతాను అనుకుని లేవబోయాను.

అప్పుడు వినిపించింది గురక.

సారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. తల ఓ పక్కకు ఒరిగింది. నోరు తెరుచుకుంది. విచారణ మధ్యలో, ఆఫీసరమ్మ పక్కనే, ఇల్లెగిరిపోయేలా గురక.

“అయ్యో రామా! మీ ఎదురుగానే! రాసుకోండి మేడమ్, రాసుకోండి!” అని గంతులేశాడు మందుల షాపాయన.

ఆవిడ పెన్ను పైకి లేచింది. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. పిల్ల వైపు చూశాను. అది సారు వైపు చూస్తోంది. దాని భుజాలు కొంచెం దిగాయి. ఓరి నాయనో, ఈయన ఉద్యోగాన్ని పణంగా పెట్టి పడుకున్నాడు కదా అనిపించింది. కూర్చున్నచోటే తల గోడకు ఆనించి, కళ్లు మూసుకుని, గుర్ర్ అన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా గురక సారు గురక కంటే పెద్దది.

ఇస్త్రీ బండావిడకు ఏం అర్థమైందో ఏమో, “ఆవ్” అని ఆవులించి ఆవిడా వాలిపోయింది. ఆ వెనక ఇంకొకరు. ఒక్కొక్క బెంచీ నిద్రలోకి జారిపోవడం నాకు చెవులతోనే తెలుస్తోంది. “ఏంటిది? అందరికీ ఏమైంది?” అని మందుల షాపాయన గొంతు. “నోరు మూసుకుని కళ్లు మూసుకోండి,” అని వాళ్లావిడ గొంతు. ఆయన కూలబడిన చప్పుడు.

మిగిలింది ఆఫీసరమ్మ. ఒక్క కన్ను సన్నగా తెరిచి చూశాను. ఆవిడ సారును చూసింది. గురకలు పెడుతున్న తల్లిదండ్రుల్ని చూసింది. ఎదురుగా వణుకుతున్న పిల్లని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను మూత పెట్టి, కళ్లజోడు తీసి బల్ల మీద బోర్లించి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఆఫీసర్ల గురక ఎలా ఉంటుందో ఆ రోజే విన్నాను. చాలా మర్యాదగా ఉంటుంది.

“పడవ క-కదిలింది,” అంది పిచ్చుక.

చదివింది. ఆగింది, మళ్లీ అందుకుంది. వరద పెరిగింది. మేక మెడలో గంట తెగి నీళ్లలో పడింది. వెనకాల అల లేచింది. “మొ... మొ...” దగ్గర చిక్కుకుంది. గది మొత్తం గురకపెడుతూ ఎదురుచూసింది. కిసుక్కుమన్నవాడు లేడు. “మొసలి!” అంది. మొసలి దగ్గరకొచ్చింది, ఇంకా దగ్గరకొచ్చింది, పడవ అంచు మీద గడ్డం పెట్టింది, నోరు తెరిచింది. గదిలో ఒక్క గురక లేదు. మొసలి నోట్లోంచి గంట తీసి మేక ముందు పెట్టి, “ఇది నీదే కదా, పొద్దున్నుంచీ పిలుస్తున్నా” అంది. అంతే, కథ అయిపోయింది. పిల్ల పుస్తకం మూసింది.

ఎవరూ లేవలేదు. ఎప్పుడు లేవాలో ఎవరికీ తెలియదు.

“అంటే తినలేదా మేకని?” అంది మందుల షాపాయన గొంతు.

“మీరు పడుకున్నారు!” అంది వాళ్లావిడ.

ఆఫీసరమ్మ కళ్లజోడు పెట్టుకుంది. మొహంలో నవ్వు లేదు గానీ, నవ్వు రాకుండా ఆపుకుంటున్న తిప్పలు తెలుస్తూనే ఉన్నాయి.

“ఇక్కడ ఏం జరిగిందో రాద్దామంటే నేను నిద్రపోయాను. నిద్రపోయినదాన్ని ఏం చూశానని రాయను? అధ్యక్షులవారూ, మీరేమైనా చూశారా?”

ఆయన భార్య వైపు చూశాడు. చాపల మీద కూర్చున్న కొడుకు వైపు చూశాడు. “అధ్యక్షుడిగా చెబుతున్నాను,” అని గొంతు సవరించుకున్నాడు. “నాకూ కునుకు పట్టేసిందండీ.”

ఫిర్యాదు కాగితం మడిచి ఆవిడ సంచిలో పడేసింది. వెళ్తూ వెళ్తూ సారు దగ్గర ఆగి, “ఈ కుర్చీ ఎక్కడ కొన్నారు?” అని అడిగింది. ఇంట్లో మనవడు ఉన్నాడట, నోరు విప్పడట.

ఇంటికొచ్చే దారిలో ఇంక ఆపుకోలేక పిల్లని అడిగాను. “భయమెయ్యలేదుటే, అంతమంది ముందు?”

“అందరూ క-కళ్లు మూసుకున్నారుగా.”

“అవునవును, సారు కూడా పాపం నిద్రపోయారు,” అన్నాను, సారుకిచ్చిన మాట నిలబెడుతూ.

పిచ్చుక నా వైపు జాలిగా చూసింది. “సారు ఎప్పుడూ నిద్రపోరమ్మా.”

నేను రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. “నీకెవరు చెప్పారే?”

“మొ-మొసలి వచ్చినప్పుడల్లా గురక ఆపేస్తారు. అది వెళ్లాక మళ్లీ పెడతారు.”

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“మొదటి రోజు నుంచి.”

“మరి చెప్పలేదేమే?”

“పాపం, నా కోసం అంత క-కష్టపడి గురక పెడుతుంటే ఎలా చెప్పనూ? ఇవాళ మీరందరూ కూడా అంతేగా. నానమ్మ ఒక్కతే నిజంగా పడుకుంది.”

అప్పుడు గుర్తొచ్చింది. మా అత్తగారిని బడిలోనే వదిలేసి వచ్చాం. వెనక్కి పరిగెత్తాం. ఖాళీ గదిలో ఆవిడ బెంచీ మీద హాయిగా గుర్రుపెడుతోంది. పక్కనే మడతకుర్చీ వేసుకుని సారు, ఆవిడ లేచేదాకా కాపలాగా, అట్ట చిరిగిన పుస్తకమొకటి చదువుకుంటున్నారు. మమ్మల్ని చూసి పెదాల మీద వేలు పెట్టుకుని “ష్” అన్నారు.

ఆ సాయంత్రం మామూలుగానే మా గుమ్మం ముందు సైకిలు స్టాండు చప్పుడైంది. మామూలుగానే నేను మిషను ఆపాను. సారు కుర్చీ వేసుకుని, ఆవులించి, వాలిపోయారు. పిచ్చుక మెల్లగా లేచి ఆయన తల కింద ఓ దిండు సర్ది, పుస్తకం తెరిచి, నా వైపు చూసి ఒక కన్ను గీటింది. నేను గోడవైపు తిరిగి గుండీలు కుట్టుకున్నాను.